అన్నములో దాచిన మాత్ర

ధ్యాన భాగములు: ఆదికాండము 27వ అధ్యాయము, లేవీయకాండము 19:14, యోహాను 5:1-9



కాలు విరిగినవాని యింటికి ఊరంతయు పరామర్శకు పోవును. మనస్సు చెదరినవాని యింటికి పోవువారు అరుదు. ఆ యింటివారును ఎవరిని రమ్మని పిలువరు. కుమార్తెకు వచ్చిన సంబంధము తప్పిపోవునని, సంఘములో తల యెత్తుకొనలేమని భయపడి, తలుపు మూసికొని తమలో తామే కుములుదురు. తూంకుంట మొదలుకొని శామీర్‌పేట, మేడ్చల్ చుట్టుపట్ల పల్లెల వరకు ఇట్టి మూసిన తలుపులు మనము ఎరుగనివి కావు. ఆ తలుపుల వెనుక ప్రతిదినము పుట్టుచున్న ఒక ప్రశ్నను ఈ మాసము దేవుని వాక్యపు వెలుగులో ఆలోచింప గోరుచున్నాము.

ప్రశ్న యిది. ఇంటిలో ఎదిగిన కుమారునికి మనోవ్యాధి కలిగినది. వైద్యుడు మాత్రలు వ్రాసి యిచ్చెను. కుమారుడు తనకు ఏ రోగమును లేదనును. మాత్ర ముట్టనని మొండికేయును. తల్లి ఏమి చేయును? మాత్రను పొడిచేసి, పప్పులోనో మజ్జిగలోనో కలిపి, ఏమియు ఎరుగనట్లు కంచము ముందు పెట్టును. అతడు తినును. కొన్ని వారములకు కొంత నెమ్మదించును. తల్లి దేవుని స్తుతించును. అయినను రాత్రి పండుకొన్నప్పుడు ఆమె మనస్సాక్షి ఆమెను అడుగును: నేను నా బిడ్డను బ్రతికించుచున్నానా, మోసపుచ్చుచున్నానా?

మన దేశములో అనేక కుటుంబములు ఈ పని చేయుచున్నవి. ప్రేమలేక కాదు, ప్రేమచేతనే చేయుచున్నవి. గనుక దీనిని గూర్చి తీర్పరులవలె గాక, ఆ భారములో పాలుపంచుకొను వారివలె మాటలాడుదము.

వ్యాధి యెట్టిది?

మొదట వ్యాధిని తెలిసికొందము. దీనికి స్కిజోఫ్రీనియా అని పేరు. 1908లో స్విట్జర్లాండు దేశపు వైద్యుడు ఆయిగెన్ బ్లాయిలర్ ఆ పేరు పెట్టెను. ఒక మనుష్యునిలో ఇద్దరు మనుష్యులుందురని దాని అర్థము కాదు. తలంపుల మధ్యను, తలంపునకు భావమునకు మధ్యను ఉండవలసిన పొందిక చెదరిపోవుటయే దాని అర్థము. ఈ రోగికి ఎవరును లేనిచోట మాటలు వినబడును. పొరుగువారు తనమీద కుట్ర పన్నుచున్నారని, ఎవరో వెంటాడుచున్నారని, తినెడి అన్నములో విషము పెట్టిరని గట్టిగా నమ్మును. కొందరిలో ఇవి పైకి కానరావు. స్నానము మానుదురు, పనికి పోరు, స్నేహితులను విడిచి మూలను కూర్చుందురు. అట్టివానిని సోమరియని గద్దించు ఇండ్లు కలవు. అది సోమరితనము కాదు, రోగమే.

ఈ వ్యాధి తరచుగా ఇరువది యేండ్ల ప్రాంతమున, చదువు ముగించి పనిలో ప్రవేశించు వయస్సున మొదలగును. స్త్రీలలో కొన్ని యేండ్లు ఆలస్యముగ కనబడును. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క చొప్పున లోకములో సుమారు 300 మందిలో ఒకరికి ఇది కలదు. దీనికి ఒకే కారణము లేదు. వంశములో ఉన్నచో రావచ్చును; అయినను తల్లికో తండ్రికో ఉన్నంతమాత్రమున బిడ్డలందరికి రాదు, నూటికి సుమారు పదిమందికి మాత్రమే వచ్చును. గంజాయి త్రాగుట వలన అపాయము పెరుగును. తల్లి పెంపకము చెడినందున వచ్చునని పూర్వము కొందరు వైద్యులే వ్రాసిరి. ఆ మాట పరిశోధనకు నిలువలేదు. తల్లులారా, ఆ నింద మీది కాదు.

మన ప్రాంతమునకు చెందిన మరియొక మాట చెప్పవలెను. మత్తుమందు కలిపిన కల్లుకు అలవాటుపడినవారు దానిని అకస్మాత్తుగ మానినప్పుడు వారును వణకుదురు, లేనివి చూతురు, పలవరింతురు. జ్వరము మెదడుకెక్కినను అట్లే జరుగవచ్చును. ఇవి వేరు వ్యాధులు, వీటి వైద్యము వేరు. కాబట్టి పొరుగువారి మాటను బట్టి గాక, వైద్యుడు పరీక్షించిన పిమ్మటనే రోగమునకు పేరు పెట్టవలెను.

శాపమా, రోగమా?

మన పల్లెలలో గాలి సోకినదందురు, బాణామతి చేసిరందురు, పూర్వుల పాపమందురు. బాణామతి యను అనుమానముతో నిర్దోషులను కొట్టి చంపిన సంగతులును మన తెలంగాణ జిల్లాలలో జరిగినవి. క్రైస్తవులమైన మనము ఈ అనుమానమును వేరొక పేరుతో మందిరములోనికి తేకూడదు. మత్తయి సువార్త 4:24 చదివి చూడుడు. ప్రభువు నొద్దకు తేబడినవారిలో దయ్యము పట్టినవారిని, మూర్ఛరోగులను, పక్షవాయువు గలవారిని సువార్తికుడు వేరువేరుగ లెక్కించెను. కలతపడిన ప్రతివానికి దయ్యము పట్టినదని బైబిలు చెప్పలేదు. పుట్టు గ్రుడ్డివానిని చూచి, ఇది ఎవరి పాపమని శిష్యులు అడిగినప్పుడు, వానిదియు కాదు, వాని కన్నవారిదియు కాదని ప్రభువు తేల్చి చెప్పెను (యోహాను 9). ఆ ఒక్క జవాబుతో ఎన్ని యిండ్ల నింద తొలగిపోయెనో ఆలోచించుడు.

మందు వాడుట అవిశ్వాసమని కొందరు బోధింతురు. హిజ్కియా రాజు కన్నీటితో ప్రార్థించెను, దేవుడు ఆలకించెను. అయినను అతని పుండుమీద అంజూరపు పండ్ల ముద్ద కట్టుమని యెషయా ప్రవక్తయే చెప్పెను (యెషయా 38). ప్రార్థనయు ముద్దయు ఒకే అధ్యాయములో ఉన్నవి. మన పెద్దలు దీనిని క్రియలో చూచినవారే. కుష్ఠరోగమును జనులు దైవశాపమని తలంచి రోగులను ఊరి వెలుపలకు త్రోసిన దినములలో, మెథడిస్టు మిషను వైద్యురాలు ఇసబెల్ కెర్ నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో వారికి ఆసుపత్రి నెలకొల్పెను. అక్కడ ప్రార్థన జరిగెను, సూదిమందును ఇయ్యబడెను. శాపమనుకొన్నది చికిత్సకు లొంగు రోగమని మన జిల్లాలు అక్కడ నేర్చుకొనెను. మనోవ్యాధి విషయములో ఆ పాఠము ఇంకను పూర్తిగ నేర్వవలసి యున్నది.

1952లో ప్యారిస్ నగరపు వైద్యులు క్లోర్‌ప్రొమజీన్ అను మందును మనోరోగులకు ఇచ్చి చూచిరి. ఏండ్ల తరబడి గోడల మధ్య నున్నవారు నెమ్మదించి మాటలాడసాగిరి. ఆ మరుసటి యేట, 1953లో, జాల్నాలో నుండిన మన హైదరాబాదు రాష్ట్రపు మానసిక వైద్యశాల ఎర్రగడ్డకు మారెను. నాటినుండి నేటివరకు మరి అనేక మందులు వచ్చినవి. ఈ వ్యాధిగ్రస్తులలో కనీసము ముగ్గురిలో ఒకరు పూర్తిగ కోలుకొనగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. తక్కినవారిలోను అనేకులు, చక్కెర వ్యాధి గలవారివలె, మందు వాడుకొనుచు పనిచేసికొని బ్రతుకుదురు. వైద్యము ఎంత త్వరగ మొదలైన అంత మేలు.

రోగి ఎందుకు ఒప్పుకొనడు?

జ్వరము వచ్చినవాడు తనకు జ్వరమని యెరుగును. ఈ వ్యాధి అట్టిది కాదు. ఏ మనస్సుతో మనుష్యుడు తన స్థితిని పరీక్షించుకొనవలెనో ఆ మనస్సునే ఇది పట్టుకొనును. గనుక రోగము లేదని అతడు చెప్పుట మొండితనము కాదు, అబద్ధము కాదు. అతనికి నిజముగ కనబడుట లేదు. ఆ స్వరము అతనికి నిజమైన స్వరమే. వాదించి గెలిచెదమనుకొనుట గ్రుడ్డివానితో రంగులను గూర్చి వాదించుటవంటిది.

లేవీయకాండము 19వ అధ్యాయము 14వ వచనము ఇక్కడ మనకు కావలెను. చెవిటివానిని తిట్టకూడదు, గ్రుడ్డివాని త్రోవలో అడ్డము వేయకూడదు అని దేవుడు ఆజ్ఞాపించెను. చెవిటివాడు తిట్టు వినడు, గ్రుడ్డివాడు అడ్డము వేసిన చేతిని చూడడు. ఎదుటివానికి తెలియదు గనుక ఏమైనను చేయవచ్చునను ఆలోచననే దేవుడు నిషేధించుచున్నాడు. అట్టివాని పక్షమున తానే చూచుచున్నానని చెప్పుచున్నాడు.

దాచిన మాత్ర ఏమి చేయును?

తల్లి పక్షమున చెప్పదగినది చాల కలదు. ఇంటిలో వస్తువులు పగులుచున్నవి, కుమారుడు రాత్రివేళ రాజీవ్ రహదారిమీద లారీల మధ్య నడచుచున్నాడు, బావివైపు చూచుచున్నాడు. ఆమెకు తోచిన దారి అదొక్కటే. ఆమెను నిందించుటకు మనకు నోరు రాదు. ఆమె లాభము కోరి చేయలేదు.

అయినను దాచుట వలన కలుగు ఫలమును చూడవలెను. అన్నములో ఏదో కలిపిరని నమ్ముట ఈ వ్యాధి లక్షణములలో ఒకటియని పైన చెప్పితిమి. నీ తల్లి నీ అన్నములో కలుపుచున్నదని వ్యాధి అతని చెవిలో చెప్పుచుండును. మనము నిజముగనే కలిపినప్పుడు వ్యాధి చెప్పిన అబద్ధమును మన చేతులతో సత్యముగ మార్చితిమి. ఒకనాడు మజ్జిగ అడుగున తెల్లని పొడి అతని కంటబడినయెడల, ఇక ఆ యింట అన్నము ముట్టడు. అటుతరువాత మనము సత్యము చెప్పినను నమ్ముటకు అతనికి ఆధారము మిగులదు.

రెండవది, మందు వలన చేతులు వణకవచ్చును, కండరములు బిగియవచ్చును, నిద్రమత్తు కలుగవచ్చును, బరువును రక్తములో చక్కెరయు పెరుగవచ్చును. తాను మందు తినుచున్నట్లు తెలియనివాడు ఈ బాధలను వైద్యునికి ఎట్లు చెప్పగలడు? తన శరీరమునకు ఎవరో ఏదో చేయుచున్నారనియే తలంచును. కొన్ని మాత్రలు పొడి చేయకూడనివియు కలవు. పొరుగూరు పోయి అక్కడ తిన్ననాడు మందు తప్పును.

మూడవది అన్నిటికంటె బరువైనది. అతడు నెమ్మదించినప్పుడు, మందు లేకుండనే బాగైతినని తలంచును. మందు తనకు మేలు చేసెనని తెలిసికొను అవకాశమే అతనికి లేకుండ పోవును. దాచినంతకాలము తల్లి దాచుచునే యుండవలెను. ఆమె గతించిన తరువాత ఆ మజ్జిగ ఎవరు కలుపుదురు?

ఆదికాండము 27వ అధ్యాయములో రిబ్కా వంటచేసి, కన్నులు మందగించిన ఇస్సాకు ముందు పెట్టించెను. ఆమెయు తన బిడ్డ మేలుకొరకే చేసెను. శాపము వచ్చినయెడల తనమీదికే రానిమ్మనెను. ఇస్సాకు స్వరమును విని అనుమానించియు తినెను. నిజము తెలిసినప్పుడు మిక్కుటముగ వణకెను. ఆశీర్వాదము దొరికినది గాని యిల్లు చెదరిపోయెను. రిబ్కా మరల యాకోబును చూచినట్లు గ్రంథములో ఎక్కడను వ్రాయబడలేదు. మన తల్లికిని రిబ్కాకును భేదము చాల కలదు. అయినను కన్ను కానని వాని కంచములో దాచినది ఇంటి నమ్మకమును తినివేయునని ఆ అధ్యాయము హెచ్చరించుచున్నది.

మరి ఏమి చేయవలెను?

దాచవద్దని చెప్పి ఊరకుండుట సులువు. అట్లు చెప్పి తల్లిని ఒంటరిగ విడుచుట క్రూరత్వము.

బేతెస్ద కోనేటియొద్ద ముప్పది యెనిమిదేండ్లు పడియున్న వానిని చూచి ప్రభువు మొదట ఒక ప్రశ్న వేసెను: నీవు స్వస్థపడ గోరుచున్నావా? స్వస్థపరచుటకు శక్తిగల ఆయనకే అడుగవలసిన అవసరమేమి? ఆ మనుష్యుడు అవునని కూడ చెప్పలేదు. తనకు సహాయము చేయువాడు లేడని మొరపెట్టుకొనెను. ప్రభువు కోపింపలేదు, విడువను లేదు. మనమును అడుగవలెను. నీకు రోగమున్నదని ఒప్పుకొమ్మని కాదు. రాత్రి నిద్రపట్టుట లేదుగదా నాయనా, ఆ స్వరములు నిన్ను బాధించుచున్నవిగదా, దానికొరకు ఒక డాక్టరును చూతమా అని అడుగవలెను. నీకు వినబడునది నాకు వినబడుట లేదు గాని నీవు భయపడుచున్నావని నేను ఎరుగుదును అనుట అబద్ధమును కాదు, వాదమును కాదు. ప్రేమతో సత్యము చెప్పుడని ఎఫెసీయులకు పౌలు వ్రాసినది (4:15) ఇట్టి మాటలయందు నెరవేరును. ఒకసారి అడిగి ఊరకుండక, నెలల తరబడి అడుగవలసి యుండును. తల్లి మాట విననివాడు మేనమామ మాట వినవచ్చును, చిన్ననాటి స్నేహితుని మాట వినవచ్చును.

ప్రతిదినము మాత్ర మ్రింగుట కష్టమైనవానికి, రెండు వారములకో నెలకో ఒకసారి ఇచ్చు సూదిమందులు కలవు. బాగైతినని మందును తనంతట మానివేయుట వలన వ్యాధి తిరుగబెట్టును. మానుటయైనను తగ్గించుటయైనను వైద్యునితోనే నిర్ణయింపవలెను. ఎర్రగడ్డ ఆసుపత్రిలోను, సికింద్రాబాదు దాటి ముషీరాబాదులోనున్న గాంధీ ఆసుపత్రిలోను ప్రభుత్వ మానసిక వైద్యులు కలరు. ఎక్కడికి పోవలెనో తోచనప్పుడు 14416 నంబరుకు ఫోను చేయవచ్చును. అది 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలీ మానస్ అను ప్రభుత్వ సేవ. ఖర్చు లేదు, తెలుగులో మాటలాడుదురు.

ఎంత బ్రతిమాలినను వినక, తనకో ఇతరులకో ప్రాణాపాయము తెచ్చు స్థితి వచ్చినయెడల? అప్పుడు బలవంతము అవసరము కావచ్చును. అయితే అది వెలుగులో జరుగు బలవంతము కావలెను. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము 2018 మే 29 నుండి అమలులోనున్నది. దాని ప్రకారము రోగి తరపు ప్రతినిధి, సాధారణముగ ఇంటివారే, దరఖాస్తు చేయగా, ఒక మానసిక వైద్యుడును మరియొక వైద్య నిపుణుడును వేరువేరుగ పరీక్షించి, తీవ్రమైన అపాయము కలదని కనుగొనినయెడల 30 దినముల వరకు ఆసుపత్రిలో చేర్చుకొనవచ్చును. రోగికి దానిమీద మొరపెట్టుకొను హక్కు కలదు. అత్యవసరమైనచో ప్రతినిధి సమ్మతితో ఏ డాక్టరైనను 72 గంటల వరకు చికిత్స చేయవచ్చును. ఇక్కడ రోగి ఇష్టమునకు వ్యతిరేకముగ జరిగినను, అతని ముఖము చూచి చెప్పి చేయుచున్నాము. అతడు కోపింపవచ్చును, మోసపోయితినని మాత్రము అనడు. ఇప్పటికే మజ్జిగలో కలుపుచున్న తల్లి భయపడి ఒక్కసారిగ మానివేయవద్దు. వైద్యునికి ఉన్నదున్నట్లు చెప్పి, ఆయన సలహాతో మెల్లగ వెలుగులోనికి రావలెను.

గొలుసులతో కట్టుటను అదే చట్టము పూర్తిగ నిషేధించెను. 2001 ఆగస్టు 6న తమిళనాడు రామనాథపురము జిల్లా ఏర్వాడిలో, స్వస్థత నాసించి తెచ్చిన రోగులను గొలుసులతో కట్టియుంచిన పాకకు నిప్పంటుకొనగా 28 మంది మరణించిరి. గొలుసు ఏ మతమువారి ప్రార్థనాస్థలములో నున్నను గొలుసే. సమాధులలో నివసించిన వానికి గెరాసేనుల ఊరివారు వేసినవి గొలుసులు. ప్రభువు వానిని స్వస్థచిత్తునిగ చేసి తన యింటివారియొద్దకు పంపెను (మార్కు 5).

సంఘము చేయవలసినది

తల్లి మాత్రను దాచుటకు ఒక కారణము ఆమె దుఃఖము దాచవలసివచ్చుట. సంఘము ఆ యింటి తలుపు తట్టినయెడల ఆ దాచుటయు తగ్గును. 1957లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల వారు తమ మానసిక వైద్య కేంద్రమును తెరచి, రోగితోకూడ ఇంటివారును అక్కడనే బసచేసి చికిత్సలో పాలుపొందు పద్ధతిని పెంచిరి. రోగిని యింటినుండి వేరుచేయక, యింటిని వైద్యములో చేర్చుటయే దాని మర్మము. లండనులో జార్జి బ్రౌన్ మొదలుపెట్టిన పరిశోధనలు, ఎత్తిపొడుపు మాటలు గల యింటిలో వ్యాధి త్వరగ తిరుగబెట్టునని చూపినవి. మృదువైన మాటయు మందువంటిదే.

కీర్తనలు వ్రాసిన విలియం కౌపర్ అను ఆంగ్ల కవి తీవ్రమైన విషాదవ్యాధిచే బాధింపబడెను. అది వేరు వ్యాధి. పోలిక స్నేహితుని విషయములో. 1773లో అతని వ్యాధి ముదిరినప్పుడు ఓల్నీ పాదిరియైన జాన్ న్యూటన్ అతనిని తన యింట చేర్చుకొని సంవత్సరమునకు పైగ చూచుకొనెను. దేవుడు తనను విడిచెనని కౌపర్ తలంచెను. న్యూటన్ వాదింపక, విడువక ప్రక్కన నుండెను.

మనలో న్యూటన్‌వంటి వాడు ఒక్కడు చాలును. ఆసుపత్రికి పోవునాడు ఆటోలో తోడు కూర్చుండువాడు, వరుసలో చీటి తీసికొనువాడు, తల్లి నిద్రించునట్లు ఒక సాయంకాలము కుమారునితో గడపువాడు. పక్షవాయువు గలవానిని నలుగురు మోసికొని, కప్పు విప్పి, అందరి యెదుట ప్రభువు ముందు దించిరి. ఆ నలుగురి విశ్వాసమును ప్రభువు చూచెను (మార్కు 2). ఒంటరి తల్లి మంచము మోయలేదు గనుకనే మజ్జిగలో మాత్ర కలుపుచున్నది. మనము తలా ఒక మూల పట్టుకొందము.

ప్రార్థన: మా మనస్సులను కలుగజేసిన తండ్రీ, చెదరిన మనస్సుతో భయపడుచున్న నీ బిడ్డలను జ్ఞాపకము చేసికొనుము. వారిని కాచుచు అలసిపోయిన తల్లిదండ్రులకు సత్యము చెప్పు ధైర్యమును, ఓర్చుకొను బలమును దయచేయుము. వైద్యుల చేతులను దీవింపుము. వారి తలుపులు తట్టుటకు మమ్మును పంపుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.